యుద్ధం ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది?

ప్రశ్న: మాది తెనాలి. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాం. 2025 మేలో పాకిస్తాన్‌తో ఆ నాలుగు రోజుల సైనిక ఘర్షణ జరిగినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. మా అబ్బాయి, మా మరిది ఒక పక్క. ‘పూర్తి యుద్ధం చేసి ఒకేసారి తేల్చెయ్యాలి’ అంటారు. మరి దానికి డబ్బో అని నేనడిగాను. ‘ప్రభుత్వం పెట్టుకుంటుంది, నీ గల్లాపెట్టెలోంచి అడిగారా?’ అన్నాడు మావాడు. ‘నోట్లు అచ్చేసుకుంటారు వదినా’ అన్నాడు మరిది. నిజాం నవాబు దేశం కోసం అయిదు టన్నుల బంగారం ఊరికే ఇచ్చేశాడని, అవసరమొస్తే అలాంటివాళ్లు ముందుకొస్తారని వాట్సాప్‌లో వచ్చింది చూపించాడు. ప్రభుత్వం మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుందని మళ్లీ అడిగితే నాకు దేశభక్తి లేదన్నారు. నేనడిగింది తప్పా? ఇంకో సంగతి. అమ్మాయి పెళ్లికని బ్యాంకులో ఎఫ్‌డీ వేశాం. యుద్ధమొస్తే డబ్బుకు విలువుండదంటున్నారు. తీసేసి బంగారం కొనమంటారా?
— ఒక సోదరి, తెనాలి

సమాధానం: మీరడిగింది తప్పు కాదమ్మా. యుద్ధం చెయ్యాలా వద్దా అనేది ఒక వాదన. చేస్తే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందనేది ఇంకో ప్రశ్న. రెండోది అడిగినంత మాత్రాన మొదటిదానికి అడ్డం పడినట్టు కాదు. ఏ దేశంలోనైనా యుద్ధం రాగానే ఆర్థికమంత్రి ముందు కూర్చుని వేసుకునే లెక్క ఇదే. మీరు కొట్టు నడిపే మనిషి కాబట్టి సరుకు దిగితే డబ్బు ఎవరో ఒకరు కట్టాలని మీకు తెలుసు.

ప్రభుత్వానికి సొంత సంపాదన అంటూ పెద్దగా లేదు. యుద్ధానికి డబ్బు కావాలంటే పన్ను వేయాలి, లేదా అప్పు చేయాలి, లేదా నోట్లు అచ్చు వేయాలి. అదీ చాలకపోతే సరుకును తను చెప్పిన ధరకు లాక్కోవాలి. ఎలా తెచ్చినా చివరికి కట్టేది జనమే. కానీ ఒక్కో దారి ఒక్కో ఇంటికి పోతుంది. పన్ను వేస్తే ఎవరు ఎంత కట్టారో కాగితం మీద కనిపిస్తుంది. నోట్లు అచ్చేస్తే ఎవరు కట్టారో కనిపించదు, అసలు కట్టలేని మనిషి దగ్గరే ఎక్కువ వసూలవుతుంది. మీ మరిదిగారు తేలిగ్గా అనేసిన మాటలోనే అసలు ప్రమాదం ఉంది. అందుకే దాంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మన దేశంలో ఒకసారి జరిగిపోయింది.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టేనని వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటించేశాడు. మన నాయకుల్ని ఒక్క మాట అడగలేదు. ఆ నవంబరులో ఖర్చుల పంపకం మీద బ్రిటన్‌కూ ఇక్కడి ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. మామూలు రోజుల సైనిక ఖర్చు, భారతదేశ రక్షణ కోసం చేసే ఖర్చు మనం పెట్టుకోవాలి. బయటి యుద్ధరంగాలకు పంపే సైన్యం ఖర్చు, సరుకుల ఖర్చు బ్రిటన్ పెట్టుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది కదా. ఎలా చెల్లించారో చూడండి.

మద్రాసులో ఒక వ్యాపారి ఈజిప్టులో ఉన్న సైన్యానికి గుడ్డ సరఫరా చేశాడనుకుందాం. అతనికి డబ్బు రూపాయల్లో ఇక్కడే ఇవ్వాలి. బ్రిటన్ తన బాకీని లండన్‌లోని ఖాతాలో మన పేరున పౌండ్లలో రాసి ఉంచేది. ఆ పౌండ్ల పత్రాలను ఆస్తిగా చూపించి మన రిజర్వు బ్యాంకు ఇక్కడ కొత్త రూపాయి నోట్లు అచ్చు వేసేది. ఆ నోట్లు వ్యాపారి చేతికొచ్చేవి. గుడ్డ ఓడెక్కి వెళ్లిపోయింది, నోటు ఇక్కడ మిగిలింది. గుడ్డే కాదు, గోధుమలు, బూట్లు, గుడారాలు, కలప, ఉక్కు అన్నీ ఇలాగే పోయాయి. 1939లో దేశంలో చలామణీలో ఉన్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు. 1945 నాటికి అవి 1,100 కోట్లు దాటాయి. మార్కెట్లో సరుకు తగ్గింది, దాని వెంటపడే నోట్లు ఆరింతలయ్యాయి. ధరలు ఏమవుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. టోకు ధరలు యుద్ధం పూర్తయ్యేలోపే రెండింతలు దాటిపోయాయి. వెండి దొరక్క 1940లో రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించారు, ఒక రూపాయి కాగితం నోట్లు దించారు.

ఈ ధరల వల్ల అందరూ నష్టపోలేదు, అది గుర్తుంచుకోవాలి. మిల్లులవాళ్లు, కంట్రాక్టర్లు, సరుకు దాచగలిగినవాళ్లు బాగా సంపాదించారు. వాళ్ల మీద 1940లో అధిక లాభాల పన్ను వేశారు గానీ లాభాలు పన్నును మించి పరిగెత్తాయి. అమ్ముకోవడానికి ధాన్యం ఉన్న రైతు కొంత తట్టుకున్నాడు. సెంటు భూమి లేకుండా కూలికి వెళ్లి, సాయంత్రం ఆ కూలి డబ్బుతో బియ్యం కొనుక్కునే మనిషి మాత్రం పూర్తిగా మునిగిపోయాడు. కూలి పెరగలేదు, బియ్యం అందనంత దూరం వెళ్లిపోయింది. 1943లో బెంగాల్‌లో వచ్చిన కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని ఎక్కువ మంది చరిత్రకారుల అంచనా. దానికి కారణాలు చాలా ఉన్నాయి. 1942లో బర్మా జపాన్ చేతిలో పడి అక్కడి బియ్యం ఆగిపోయింది. ఆ అక్టోబరులో పెద్ద తుపాను వచ్చింది. జపాన్‌వాళ్ల చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో జనం పడవలను ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. కలకత్తాలో యుద్ధ పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు ముందు బియ్యం అందేలా చూశారు, పల్లెల్లో కూలీల సంగతి చూసినవాడు లేడు. వీటన్నిటి వెనక అచ్చు వేసిన నోట్ల మూలంగా పెరిగిన ధరలు ఉన్నాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఆదాయపు పన్ను కట్టినవాళ్లు కాదు, యుద్ధ బాండ్లు కొన్నవాళ్లు కాదు. యుద్ధ ఖర్చులో వాళ్ల వాటా వాళ్ల కంచంలోంచి వసూలైంది. నోట్లు అచ్చేసుకుంటారు అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు వెంటనే వాళ్లే గుర్తొస్తారు. నేను ఇంత గట్టిగా రాయడానికి అదే కారణం.

మరి లండన్‌లో మన పేరున రాసిన బాకీ ఏమైంది? యుద్ధం ముగిసేసరికి అది సుమారు 130 కోట్ల పౌండ్లకు చేరింది. అంతకు ముందు ఎప్పుడూ మనమే బ్రిటన్‌కు బాకీ ఉండేవాళ్లం, ఇప్పుడు వాళ్లే మనకు బాకీ పడ్డారు. కానీ యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్ దగ్గర వెంటనే ఇవ్వడానికి డబ్బు లేదు. 1947 ఆగస్టు ఒప్పందంలో ఆ సొమ్ములో చాలా భాగాన్ని కదలనివ్వకుండా పెట్టారు, కొంచెం కొంచెంగా తీసుకోమన్నారు. 1948లో, ఇక్కడ వదిలి వెళ్లిన సైనిక సామగ్రి ఖరీదంటూ 10 కోట్ల పౌండ్లు అందులోంచే పట్టుకున్నారు. ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్లిన బ్రిటిష్ అధికారుల పింఛన్లకు ఇంకొంత పోయింది. 1949 సెప్టెంబరులో పౌండు విలువను తగ్గించేశారు, డాలర్ల లెక్కలో మన నిల్వ విలువ 30 శాతం పడిపోయింది. మిగిలింది 1950లలో ధాన్యం దిగుమతులకు, ప్రణాళికల కోసం కొన్న యంత్రాలకు ఖర్చయింది. అప్పు ఇచ్చినట్టు లెక్కల్లో ఉన్నది దేశం. నిజానికి ఇచ్చినవాళ్లు 1943లో తిండి మానుకున్న మనుషులు. వాళ్లకు ఏదీ తిరిగి రాలేదు.

ఇది ఎక్కడో బెంగాల్ కథ అని మీవాళ్లు అనొచ్చు. మన వైపు కూడా చూడండి. ఆ యుద్ధకాలంలోనే హైదరాబాద్ సంస్థానంలో లెవీ ధాన్యం వసూళ్లు మొదలయ్యాయి. పండిన పంటలో ఇంత అని ప్రభుత్వానికి, ప్రభుత్వం చెప్పిన ధరకు, కొలిచి ఇవ్వాలి. ఆ ధర బయటి ధరకంటే బాగా తక్కువ. లెక్కలు రాసేది పటేల్, పట్వారీ. ఊరిమీద పెత్తనం దేశ్‌ముఖ్‌ది. వేల ఎకరాలున్న దొర గాదెలు అలాగే ఉండేవి, నాలుగెకరాల రైతు ఇంట్లో విత్తనాలకు దాచుకున్న గింజలు కూడా కొలిచి పట్టుకుపోయేవాళ్లు. తెలంగాణ రైతాంగ పోరాటం రాజుకోవడానికి వెట్టితో పాటు ఈ లెవీ కూడా పెద్ద కారణం. యుద్ధం ఎక్కడో జరిగింది, దాని వసూలు మాత్రం నల్గొండ, వరంగల్ జిల్లాల కల్లాల్లో జరిగింది.

నిజాం బంగారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఫార్వర్డ్ నాకు కూడా చాలాసార్లు వచ్చింది. అయిదు టన్నుల విరాళం అనేదానికి ఆధారం లేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అలాంటి విరాళం వివరాలేవీ తమ దగ్గర లేవని జాతీయ రక్షణ నిధిని చూసే ప్రధాని కార్యాలయమే జవాబిచ్చింది. 1965లో ఆ నిజాం, మీర్ ఉస్మాన్ అలీఖాన్, చేసింది వేరు. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జాతీయ రక్షణ బంగారు బాండ్ల పథకంలో ఆయన 425 కిలోల బంగారం పెట్టాడు. గడువు తీరాక తిరిగి వచ్చే బంగారం అది, పైన వడ్డీ కూడా ఉంటుంది. అది తప్పని నేననను, అవసరంలో ఉన్న దేశానికి అప్పిచ్చినా మేలే. కానీ విరాళం వేరు, బాండు వేరు. బాండు కొన్నవాడికి అసలు, వడ్డీ తిరిగి కట్టేది తర్వాతి ఏళ్లలో పన్ను కట్టే జనం.

ఇక మీ అబ్బాయి మాట. ప్రభుత్వం పెట్టుకుంటుంది అంటున్నాడు కదా, ప్రభుత్వం ఎలా పెట్టుకుందో మన చరిత్రలోనే ఉంది. మన దేశంలో ఆదాయపు పన్ను పుట్టిందే యుద్ధ ఖర్చు నుంచి. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు మొత్తం భారత ఖజానా మీద వేశారు. ఆ లోటు పూడ్చడానికి ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలు దాటి సంపాదించే మనిషి కూడా అందులోకి వచ్చాడు. మనల్ని అణచిన ఖర్చు మన చేతే కట్టించారన్నమాట.

స్వతంత్రం వచ్చాక మన ప్రభుత్వాలు కూడా ఈ దారుల్లోనే వెళ్లాయి, కాకపోతే పార్లమెంటులో చెప్పి చేశాయి. చైనా యుద్ధం తర్వాత 1963-64 బడ్జెట్‌లో రక్షణకు 867 కోట్లు పెట్టారు. ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి నిర్బంధ పొదుపు పథకం తెచ్చి, భూమి శిస్తు కట్టే రైతుల్ని, జీతగాళ్లను కూడా ఖజానాలో డబ్బు దాచమన్నాడు. జనం గోల చేయడంతో కొన్ని నెలల్లోనే దాన్ని చాలావరకు కుదించారు. 1963 జనవరిలోనే బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదన్నారు. ఆ దెబ్బ నగలు వేసుకునేవాళ్లకంటే చేసేవాళ్లకు ఎక్కువ తగిలింది. దేశమంతటా కంసాలులు పనులు పోయి వీధిన పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మీ ఊళ్లో పాత కంసాలి కుటుంబాలు ఉంటే అడిగి చూడండి.

1971 నాటికి కొంచెం తెలివిగా, కొంచెం సమంగా పంచారు. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చిపడ్డారు. వాళ్ల తిండికి, గుడారాలకు ఖర్చు తట్టుకోలేక ఆ నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా అయిదు పైసల తపాలా బిళ్ల అంటించాలన్నారు. కొత్త బిళ్ల అచ్చయ్యేదాకా ఆగకుండా, అప్పటికే ఉన్న కుటుంబ నియంత్రణ బిళ్ల మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని నల్లటి అక్షరాలు గుద్ది అమ్మారు. 1973 మార్చి దాకా ఇది నడిచింది. ఆ కాలం ఉత్తరాలు ఇంట్లో ఉంటే కవరు మీద పెద్ద బిళ్ల పక్కన ఈ చిన్న బిళ్ల కనిపిస్తుంది. మీ అబ్బాయికి అది చూపించండి. కార్గిల్ తర్వాత 2000-01 బడ్జెట్‌లో రక్షణ కేటాయింపు ఒక్కసారే 13,000 కోట్లు పెంచారు, లక్షన్నర దాటిన ఆదాయాల మీద సర్‌చార్జీ, అంటే పన్ను మీద పన్ను, 10 నుంచి 15 శాతం చేశారు. ఈ రెండూ నాకు కొంత నచ్చిన పద్ధతులు. ఎంత, ఎవరి దగ్గర, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి తీసుకున్నారు.

అప్పు మాటకొస్తే, అది ఎంత కాలం వెంటాడుతుందో చూస్తే భయమేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్ చేసిన అప్పులో చివరి వార్ లోన్ బాండ్లను తీర్చేసింది 2015 మార్చిలో. యుద్ధం ముగిసి 96 ఏళ్లు దాటిపోయాయి. ఆ యుద్ధానికి 1917లో మన దేశం చేత 10 కోట్ల పౌండ్లు ‘కానుక’ ఇప్పించారు, ఆ కానుక కోసం ఇక్కడ జనం దగ్గర అప్పు తెచ్చి మరీ ఇచ్చారు. మన కేంద్ర బడ్జెట్ తీసుకుంటే, 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు పెట్టారు. పాత అప్పులన్నిటి మీద వడ్డీకే 12.76 లక్షల కోట్లు కేటాయించారు. అవన్నీ యుద్ధం అప్పులు కావు, కానీ రేపు యుద్ధం కోసం చేసే కొత్త అప్పు ఆ వడ్డీ మీదే పేరుకుంటుంది. దాన్ని తీర్చే వయసు మీదీ నాదీ కాదు, మీ అబ్బాయిది.

ఆ 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లు పింఛన్లే. ఆ డబ్బు ఎక్కువైందని నేను ఎన్నటికీ అనను. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వైపు వెళ్తే, తరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరు అది, ఆ పింఛను ఒక ఇంటిని ఎలా నిలబెడుతుందో తెలుస్తుంది. కాలు పోయిన కొడుకును చూసుకోవడానికి పని మానేసిన తల్లి, భర్త పోయాక పిల్లల చదువు ఒంటిచేత్తో లాక్కొచ్చే భార్య కట్టే ఖర్చు ఏ బడ్జెట్ పద్దులోనూ ఉండదు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అందులో పోరాడిన ఒక సైనికుడి కూతురికి నెలకు 73 డాలర్ల చొప్పున ప్రభుత్వం ఇచ్చిన పింఛను 2020లో ఆమె చనిపోయేదాకా నడిచింది. యుద్ధానికి అయిన ఖర్చంటే తుపాకులు, విమానాల ధర మాత్రమే చూస్తాం. ఈ పొడవాటి ఖర్చు కూడా ఆ రోజే ఒప్పుకున్నట్టు. 2025 మేలో ఆ నాలుగు రోజుల్లో జమ్మూ కశ్మీర్‌లోని పూంఛ్‌లో ఫిరంగి గుండ్లకు ఇళ్లు కూలినవాళ్లు ఉన్నారు. తిరిగి కట్టుకునేది వాళ్లే.

మనం చేయని యుద్ధం ఖర్చు కూడా మన దాకా వస్తుంది. మీ కొట్లోనే చూసి ఉంటారు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేయగానే సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో, మీతో గొడవపడిన ఖాతాదారులు కూడా గుర్తుండే ఉంటారు. మనం తెచ్చుకునే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం అప్పట్లో ఉక్రెయిన్‌దే. ఎరువులు కూడా అలాగే పెరిగాయి. కానీ డీఏపీ బస్తా 1,350 రూపాయలకే ఉంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. అందుకని ఎరువుల సబ్సిడీ 2021-22లో 1.53 లక్షల కోట్లుంటే తర్వాతి ఏడాది 2.51 లక్షల కోట్లయింది. రైతు మీద పడాల్సింది ఖజానా మీద పడింది. నూనె విషయంలో మాత్రం చాలావరకు వంటింటి మీదే పడింది.

ఇప్పుడు మీ ఎఫ్‌డీ సంగతి. భయంతో తీయకండి. గడువు ముందే తీస్తే వడ్డీ తగ్గించి ఇస్తారు, బంగారం కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ పోతాయి, మళ్లీ అమ్మేటప్పుడు ఇంకొంత పోతుంది. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంది. యుద్ధమొస్తే మీ ఎఫ్‌డీకి ఉన్న నిజమైన ముప్పు డబ్బు మాయమైపోవడం కాదు, ధరలు వడ్డీని దాటి పెరగడం. దానికోసం మొత్తం సొమ్మును ఒకే ఎఫ్‌డీగా చాలా ఏళ్లకు కట్టెయ్యకుండా రెండు మూడు ముక్కలుగా, వేర్వేరు గడువులతో పెట్టుకుంటే చాలు. పెళ్లికి నగలు ఎలాగూ చేయించాలి కాబట్టి అవసరమైన బంగారం కొద్దికొద్దిగా కొనుక్కోండి, టెన్షన్ పడి ఒకేరోజు కాదు. ఇల్లు, కొట్టు నాలుగు నెలలు నడిచేంత డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉంచుకోండి. 2025 మేలో ఏటీఎంలు మూసేస్తారని పుకారు పుట్టింది. అది అబద్ధమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మళ్లీ అలాంటివి వస్తాయి.

మీవాళ్లకు నిజంగా ఏదైనా ఇవ్వాలని ఉంటే జాతీయ రక్షణ నిధికి ఇవ్వొచ్చు. అది సైనికుల, వాళ్ల కుటుంబాల సంక్షేమానికి వాడే నిధి. ఆయుధాలు కొనడానికి ప్రభుత్వం ఖాతా తెరిచింది, మనిషికో రూపాయి వేయండంటూ 2025 ఏప్రిల్‌లో ఒక మెసేజ్ తిరిగింది. అది తప్పని రక్షణ శాఖే ప్రకటించింది. అలాంటి నంబర్లకు డబ్బు పంపనివ్వకండి.

మీ అబ్బాయితో వాదించి గెలవాల్సిన పని లేదు. దేశభక్తి లేదన్న మాట మనసులో పెట్టుకోకండి, ఆ వయసులో ఆవేశం ఉంటుంది. ఈసారి మాటొచ్చినప్పుడు ఒక్కటే అడగండి. ‘సరే నాన్నా, యుద్ధమే వచ్చింది. నువ్వే ఆర్థికమంత్రివి. పన్ను వేస్తావా, అప్పు తెస్తావా, నోట్లు అచ్చేస్తావా? వేస్తే ఎవరి మీద?’ అని. కాగితం, పెన్ను ఇచ్చి కూర్చోబెట్టండి. మీ కొట్టుకు రోజూ పావుకిలో కందిపప్పు, వంద గ్రాముల నూనె కొనడానికి వచ్చే మనిషి పేరు కూడా ఆ కాగితం మీద రాయమనండి. మీ మరిదిగారు కూడా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. వాళ్లేం రాశారో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.